మైదానంలో సమానుడు, పంక్తిలో వెలి: పల్వంకర్ బాలూ జీవితం

భారత క్రికెట్ టెస్టు హోదా పొందింది 1932లో. అంతకు పాతికేళ్ల ముందే ఈ దేశపు ఆటకు ఒక మేటి బౌలర్ ఉండేవాడు. తెల్లదొరల జట్లను గడగడలాడించిన ఆ ఎడమచేతి వాటం స్పిన్నర్ పేరు పల్వంకర్ బాలూ. నాటి సమాజం అస్పృశ్యులుగా ముద్రవేసిన చర్మకార కులంలో జన్మించిన వ్యక్తి ఆయన. ఆయన విసిరిన బంతిని అగ్రవర్ణాల ఆటగాళ్లు నిస్సంకోచంగా తాకారు. ఆయన తాగిన పాత్రను మాత్రం తాకలేదు. ఈ వైపరీత్యమే బాలూ జీవితకథకు మూలసూత్రం. క్రీడ సామాజిక మార్పుకు సాధనం కాగలదా, అయితే ఎంతవరకు కాగలదు అన్న ప్రశ్నకు ఈ దేశ చరిత్రలో లభించే తొలి సమాధానాలలో ఆయన జీవితం ఒకటి.

రోలర్ లాగిన చేతులు

బాలూ 1870వ దశకం మధ్యలో ధార్వాడ్‌లో జన్మించారు. తండ్రిది బ్రిటిష్ సైన్యంలో కొలువు. కుటుంబం పూనాలో స్థిరపడింది. సైనికాధికారులు ఆడి వదిలేసిన బ్యాట్లు, బంతులతో బాలూ, ఆయన తమ్ముడు శివరాం ఆట నేర్చుకున్నారు. చదువు కొద్దికాలమే సాగింది. కుటుంబ పోషణకు ఆసరాగా బాలూ పూనాలోని పార్సీల క్రికెట్ మైదానంలో పనికి కుదిరారు. జీతం నెలకు 3 రూపాయలు. పిచ్‌ను చదును చేయడం, శుభ్రం చేయడం ఆయన విధులు. సభ్యులకు తీరిక ఉన్నప్పుడు బంతులు వేయడం కూడా ఆ పనిలో భాగమే.

1892లో ఆయన యూరోపియన్ల పూనా క్లబ్‌లో చేరారు. అక్కడ జీతం 4 రూపాయలు. నెట్లు కట్టడం, రోలర్ లాగడం, గీతలు గీయడం ఆయన పని. సాధన సమయంలో ఆయన బౌలింగ్‌ను గమనించిన ఒక ఆంగ్ల క్రీడాకారుడు క్రమంగా ప్రోత్సహించాడు. యూరోపియన్ జట్టులో నాడు మేటి బ్యాట్స్‌మన్ జె.జి.గ్రెగ్. ఆయన ప్రతిరోజూ ఇతర సభ్యులకన్నా ముందుగా మైదానానికి వచ్చి బాలూ చేత గంటల తరబడి బంతులు వేయించుకునేవారు. తనను ఔట్ చేసిన ప్రతిసారీ గ్రెగ్ ఆయనకు 8 అణాలు బహుమానంగా ఇచ్చేవారని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ నిజమైనా కాకపోయినా, ఆ సాధన వల్ల ఇద్దరికీ మేలు కలిగింది. గ్రెగ్ బ్యాటింగ్ పదునెక్కింది. బాలూ చేతికి బంతిపై అసాధారణమైన అదుపు అలవడింది.

అయితే ఆ క్లబ్‌లో బాలూ ఎన్నడూ బ్యాట్ పట్టలేదు. బ్యాటింగ్ దొరల హక్కు, బౌలింగ్ నౌకర్ల శ్రమ అన్నది నాటి వలస క్లబ్బుల రివాజు. తెల్లవారి దృష్టిలో ఆయన భారతీయ నౌకరు. తోటి భారతీయుల దృష్టిలో అంతకన్నా తక్కువవాడు.

మట్టి పాత్రలో తేనీరు

పూనాలోని హిందువుల క్రికెట్ జట్టుకు యూరోపియన్లను ఓడించాలన్న పట్టుదల ఉండేది. అందుకు తగిన బౌలర్ కళ్లెదుటే ఉన్నాడు. ఆయన కులమే అడ్డు. జట్టులోని బ్రాహ్మణ సభ్యుల మధ్య వాదోపవాదాలు జరిగాయి. గెలుపుపై మమకారం ఆచారంపై మమకారాన్ని జయించింది. బాలూకు జట్టులో స్థానం లభించింది.

ఆ స్థానానికి మైదానపు సరిహద్దు గీతే హద్దు. గీత లోపల ఆయన జట్టు ప్రధాన బౌలర్. విరామ సమయంలో తోటివారు పెవిలియన్‌లో పింగాణీ కప్పులలో తేనీరు సేవిస్తుండగా, ఆయనకు బయట, వాడి పారవేసే మట్టి పాత్రలో ఇచ్చేవారు. భోజనం వేరే చోట, వేరే పళ్లెంలో. ముఖం కడుక్కోవడానికి నీళ్లు కూడా ఆయన కులానికే చెందిన సేవకుడు తెచ్చి ఇవ్వవలసిందే.

బాలూ బంతితోనే జవాబు చెప్పారు. పూనా జట్టు యూరోపియన్ జట్లపై వరుసగా విజయాలు సాధించింది. సతారాలో యూరోపియన్లకు మాత్రమే ప్రవేశమున్న జింఖానాపై సాధించిన గెలుపు వాటిలో ముఖ్యమైనది. ఈ విజయం అనంతరం జరిగిన సభలో సంఘసంస్కర్త, న్యాయమూర్తి మహాదేవ గోవింద రానడే బాలూను స్వయంగా పూలమాలతో సత్కరించారని చరిత్రకారులు పేర్కొంటున్నారు. కలిసి ఆడగలిగినవారు కలిసి భుజించలేరా అన్న ప్రశ్నను రానడే జట్టు సభ్యుల ముందుంచారు. బాలగంగాధర తిలక్ సైతం బాలూ ప్రతిభను బహిరంగంగా కొనియాడారు. పీష్వాల నగరంలో, సనాతన ఆచారాలకు పెట్టింది పేరైన పూనాలో, ఒక చర్మకార యువకుడి మెడలో అగ్రవర్ణ న్యాయమూర్తి మాల వేయడం నాడు సామాన్య విషయం కాదు.

1906 విజయం

1896 ప్రాంతంలో ప్లేగు వ్యాధి పశ్చిమ భారతాన్ని అతలాకుతలం చేస్తున్న రోజులలో బాలూ బొంబాయికి తరలివెళ్లారు. కొంతకాలం సైన్యంలో, అనంతరం రైల్వేలో ఉద్యోగం చేశారు. అక్కడి పరమానందదాస్ జీవన్‌దాస్ హిందూ జింఖానాలో ఆయన ప్రవేశానికి కొందరు సభ్యులు అభ్యంతరం తెలిపారు. జట్టు కెప్టెన్ కీర్తికర్ పట్టుబట్టడంతో అడ్డంకి తొలగింది.

బొంబాయి క్రికెట్ అప్పటికి మతాల ప్రాతిపదికన నడుస్తోంది. 1892 నుంచి యూరోపియన్లు, పార్సీలు ఏటా తలపడేవారు. 1906 ఫిబ్రవరిలో హిందువుల జట్టుకు యూరోపియన్లతో ఆడే అవకాశం వచ్చింది. వేదిక బొంబాయి జింఖానా మైదానం. హిందువులు తొలి ఇన్నింగ్స్‌లో 242, రెండో ఇన్నింగ్స్‌లో 160 పరుగులు చేశారు. యూరోపియన్లు 191, 102 పరుగులకే పరిమితమయ్యారు. 109 పరుగుల తేడాతో హిందువుల జట్టు గెలిచింది. ఈ విజయంలో బాలూ, శివరాం సోదరుల పాత్ర ప్రముఖమైనది.

బెంగాల్ విభజనకు వ్యతిరేకంగా స్వదేశీ ఉద్యమం చెలరేగుతున్న కాలమది. అంతకు ముందు సంవత్సరమే ఆసియా దేశమైన జపాన్ రష్యాను యుద్ధంలో ఓడించింది. పాలకుల ఆటలో పాలకులనే ఓడించిన ఈ విజయానికి సహజంగానే రాజకీయ ప్రాధాన్యం ఏర్పడింది. అయితే కె.నటరాజన్ సంపాదకత్వంలో వెలువడే ఇండియన్ సోషల్ రిఫార్మర్ పత్రిక ఈ గెలుపును మరో కోణం నుంచి చూసింది. పూనాలో బయట కూర్చోబెట్టి తేనీరు ఇచ్చిన స్థితి నుంచి, బొంబాయిలో జట్టంతా అస్పృశ్య సోదరులతో కలిసి భోజనం చేసే స్థితికి హిందూ క్రికెటర్లు చేరుకోవడమే అసలు విజయమని ఆ పత్రిక భావించింది. తెల్లవారిపై గెలుపు కన్నా తమలోని దురాచారంపై గెలుపు గొప్పదన్నది దాని అభిప్రాయ సారాంశం.

ఇంగ్లండ్ యాత్ర

1911లో తొలి అఖిల భారత జట్టు ఇంగ్లండ్‌లో పర్యటించింది. పాటియాలా మహారాజు భూపీందర్ సింగ్ కెప్టెన్. జట్టులో పార్సీలు, హిందువులు, ముస్లింలు ఉన్నారు. హిందూ సభ్యులలో ఇద్దరు పల్వంకర్ సోదరులు బాలూ, శివరాం. దేశం ఇంకా ఒక దేశంగా రూపుదిద్దుకోకముందే, ఒక మహారాజు, ఇద్దరు అస్పృశ్యులు ఒకే జట్టుగా ఓడ ఎక్కడం గమనించదగిన విషయం.

అది అయిదో జార్జి పట్టాభిషేక సంవత్సరం. మహారాజు విందులు, వినోదాలలో తలమునకలై ఎక్కువ మ్యాచ్‌లకు దూరంగా ఉండిపోయారు. జట్టు అధిక భాగం మ్యాచ్‌లలో ఓటమి చవిచూసింది. అయినా బాలూ ఆటకు ఎదురులేకపోయింది. వయసు 35 దాటి, భుజం నొప్పి వేధిస్తున్నా ఆయన ఈ పర్యటనలో అన్ని మ్యాచ్‌లలో కలిపి 114 వికెట్లు పడగొట్టారు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ జట్టుపై ఒకే ఇన్నింగ్స్‌లో 103 పరుగులకు 8 వికెట్లు తీశారు. లీసెస్టర్‌షైర్, సోమర్‌సెట్ కౌంటీ జట్లపై భారత జట్టు గెలుపొందింది. సోమర్‌సెట్‌పై విజయానికి శివరాం సెంచరీ తోడ్పడింది. ఇంగ్లండ్ విమర్శకులు బాలూను తమ ప్రముఖ ఎడమచేతి స్పిన్నర్ విల్‌ఫ్రెడ్ రోడ్స్‌తో పోల్చారు.

స్వదేశం చేరిన బాలూకు బొంబాయి దళితులు సన్మానం చేశారు. ఆ సభలో సమర్పించిన సన్మాన పత్రాన్ని రచించింది ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదువుతున్న ఒక యువకుడని చరిత్రకారుల కథనం. ఆ యువకుడే భీమ్‌రావ్ అంబేద్కర్. అణగారిన వర్గాల నుంచి ఎదిగి దేశవ్యాప్తంగా పేరు తెచ్చుకున్న తొలి వ్యక్తిగా బాలూ ఆ తరం యువకులకు ఆదర్శంగా నిలిచారు.

కెప్టెన్సీ సమస్య

బాలూ తర్వాత శివరాం, గణపత్, విఠల్ వరుసగా హిందువుల జట్టులో ప్రవేశించారు. ఒకే దళిత కుటుంబం నుంచి నలుగురు సోదరులు జట్టుకు వెన్నెముకగా నిలిచారు. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందిన సి.కె.నాయుడు 1916లో ఈ జట్టులో అడుగుపెట్టేనాటికి పల్వంకర్ల పేరు దేశమంతటా మార్మోగుతోంది. 1912లో ముస్లింల జట్టు చేరడంతో త్రిముఖ పోటీలు చతుర్ముఖ పోటీలుగా మారాయి. బొంబాయిలో వాటికి లభించిన ఆదరణ మరే క్రీడకూ లభించలేదు.

ఇంత జరిగినా ఒక తలుపు మాత్రం మూసే ఉంది. అదే కెప్టెన్సీ. అనుభవంలో, ప్రతిభలో బాలూను మించినవారు జట్టులో లేరు. నాయకత్వం మాత్రం ఏటా అగ్రవర్ణ క్రీడాకారులకే దక్కేది. 1913లో కెప్టెన్‌గా నియమితులైన ఎం.డి.పాయ్, ఈ గౌరవం న్యాయంగా బాలూకు చెందవలసిందని తన సన్మాన సభలోనే ఒప్పుకున్నారు. ఆయన ఒప్పుకోలు వల్ల ఎంపిక సంఘం వైఖరి మారలేదు. అస్పృశ్యుడి చేత వికెట్లు తీయించుకోవడానికి సిద్ధపడినవారు అస్పృశ్యుడి ఆజ్ఞను పాటించడానికి సిద్ధపడలేదు. పక్కన కూర్చుని భోంచేయడం ఒక మెట్టు కాగా, అధికారాన్ని అంగీకరించడం అంతకన్నా ఎత్తయిన మెట్టు.

1920లో ఈ వివాదం పరాకాష్ఠకు చేరింది. గణపత్ ఆ సంవత్సరమే చిన్న వయసులో మరణించారు. చతుర్ముఖ పోటీలకు ఎంపిక చేసిన జట్టులో బాలూ పేరు లేదు. పాయ్ అస్వస్థతతో తొలి మ్యాచ్‌కు దూరం కాగా, నాయకత్వం పల్వంకర్ సోదరులను కాదని డి.బి.దేవ్‌ధర్‌కు దక్కింది. శివరాం, విఠల్ జట్టు నుంచి వైదొలిగారు. కులం కారణంగానే తమకు అన్యాయం జరిగిందని పత్రికా ముఖంగా ప్రకటించారు. పదిహేనేళ్లపాటు మౌనంగా ఆడిన కుటుంబం తొలిసారిగా ఆడబోమని చెప్పింది. ప్రజాభిప్రాయం వారి పక్షాన నిలిచింది. ఫలితంగా పార్సీలతో జరిగిన ఫైనల్‌కు సోదరులను తిరిగి పిలిపించారు. బాలూకు వైస్ కెప్టెన్ పదవి ఇచ్చారు. ఆ మ్యాచ్‌లో కెప్టెన్ పాయ్ కొంతసేపు మైదానం వీడి, జట్టును నడిపించే అవకాశం బాలూకు కల్పించారు. ఆయన జీవితంలో నాయకత్వం దక్కింది ఆ కొద్దిసేపే. అదే ఆయన చివరి పోటీ కూడా.

సరిగ్గా అదే డిసెంబర్‌లో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ గాంధీజీ ప్రోద్బలంతో అస్పృశ్యతా నివారణను తన కార్యక్రమంలో చేర్చింది. దేశ రాజకీయాల్లో వీచిన ఈ గాలి క్రికెట్ మైదానాన్ని సైతం తాకింది. 1923లో విఠల్‌ను హిందువుల జట్టుకు కెప్టెన్‌గా నియమించారు. ఆయన సారథ్యంలో జట్టు యూరోపియన్లను ఓడించి టైటిల్ గెలుచుకుంది. ప్రేక్షకులు విఠల్‌ను భుజాలపై ఎత్తుకుని ఊరేగించారు. ఒకనాడు అన్నగారికి కప్పులో తేనీరు ఇవ్వడానికి వెనుకాడిన సమాజం తమ్ముడిని భుజాలకెత్తుకోవడానికి సుమారు మూడు దశాబ్దాలు పట్టింది.

రాజకీయ రంగం

1932 జూన్‌లో సి.కె.నాయుడు నాయకత్వంలో భారత జట్టు లార్డ్స్ మైదానంలో తన మొదటి టెస్టు ఆడింది. బాలూ అప్పటికి యాభై అయిదేళ్లు దాటారు. అదే సంవత్సరం ఆయన పేరు మరో చారిత్రక పత్రంపై కనిపించింది.

ఆగస్టు 16న బ్రిటిష్ ప్రధాని రామ్సే మెక్డొనాల్డ్ అణగారిన వర్గాలకు ప్రత్యేక నియోజకవర్గాలు ప్రకటించారు. దీనికి వ్యతిరేకంగా గాంధీజీ సెప్టెంబర్ 20న యెరవాడ జైలులో ఆమరణ నిరాహారదీక్ష చేపట్టారు. ప్రత్యేక నియోజకవర్గాలు కావాలన్నది అంబేద్కర్ వాదన. మద్రాసుకు చెందిన ఎం.సి.రాజా, బాలూ ఉమ్మడి నియోజకవర్గాల వైపు మొగ్గారు. సంప్రదింపుల అనంతరం సెప్టెంబర్ 24న పూనా ఒడంబడిక కుదిరింది. ప్రత్యేక నియోజకవర్గాలకు బదులు ఉమ్మడి ఓటింగ్‌లోనే రిజర్వుడు స్థానాలు ఇవ్వడానికి, వాటి సంఖ్యను 71 నుంచి 148కి పెంచడానికి అంగీకారం కుదిరింది. ఒడంబడికపై సంతకం చేసినవారిలో బాలూ ఒకరు. ఆయన ఒకప్పుడు రోలర్ లాగిన ఊరి పేరుతోనే ఆ ఒడంబడిక చరిత్రకెక్కింది.

సవర్ణ హిందువుల మనసు క్రమంగా మారుతుందన్న విశ్వాసం బాలూది. మైదానంలో తన కళ్ల ముందు జరిగిన మార్పు ఆ విశ్వాసానికి ఆధారం. ఆ మార్పు వేగం సరిపోదన్నది అంబేద్కర్ నిర్ధారణ. 1935లో అంబేద్కర్ హిందూమతాన్ని వీడతానని యేవలాలో ప్రకటించినప్పుడు బాలూ సమ్మతించలేదు.

ఈ విభేదం 1937లో ప్రత్యక్ష పోటీకి దారితీసింది. బొంబాయి శాసనసభ ఎన్నికలలో రిజర్వుడు స్థానం నుంచి అంబేద్కర్ తాను స్థాపించిన ఇండిపెండెంట్ లేబర్ పార్టీ తరఫున నిలబడ్డారు. ఆయనకు దీటైన అభ్యర్థి కోసం అన్వేషించిన కాంగ్రెస్ బాలూను రంగంలోకి దింపింది. సన్మాన పత్రం రాసిన యువకుడు, దాన్ని అందుకున్న వీరుడు ఎదురెదురుగా నిలిచారు. అంబేద్కర్‌కు 13,245 ఓట్లు, బాలూకు 11,225 ఓట్లు లభించాయి. 2,020 ఓట్ల తేడాతో బాలూ ఓడిపోయారు. దళిత ఓటర్లు తమ పూర్వ కథానాయకుడిపై గౌరవం చూపుతూనే, తమ భావి నాయకుడిని ఎంచుకున్నారని ఈ ఫలితం సూచిస్తుంది.

మిగిలిన ప్రశ్న

బాలూ ఆడిన పోటీలు ఎక్కువకాలం నిలవలేదు. హిందువుల జట్టులో కులపు గోడ కొంత పగిలినా, జట్ల మధ్య మతపు గోడ అలాగే ఉండిపోయింది. 1937లో అయిదో జట్టు చేరి అవి పంచముఖ పోటీలయ్యాయి. మతాల వారీగా ఆడటం తగదని గాంధీజీ 1940లో అభిప్రాయం వెలిబుచ్చారు. 1946లో ఆ పోటీలు ముగిసిపోయాయి. ప్రాంతాల ప్రాతిపదికన 1934లో ప్రారంభమైన రంజీ ట్రోఫీ దేశవాళీ క్రికెట్‌కు ఆధారమైంది. పాత పోటీలతో పాటు వాటి వీరులు కూడా మరుగున పడ్డారు.

1955 జూలై 4న బాలూ బొంబాయిలో కన్నుమూశారు. అస్పృశ్యతను రాజ్యాంగం రద్దు చేసి అప్పటికి అయిదేళ్లయింది. దాన్ని శిక్షార్హమైన నేరంగా పరిగణించే చట్టం ఆ సంవత్సరమే వచ్చింది. ఆయన మరణానంతరం దాదాపు అర్ధశతాబ్దం పాటు ఆ పేరు పాత రికార్డు పుస్తకాలకే పరిమితమైంది. 2002లో వెలువడిన రామచంద్ర గుహ క్రికెట్ చరిత్ర గ్రంథం ఆయనను తిరిగి వెలుగులోకి తెచ్చింది.

33 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో 179 వికెట్లు, సగటు 15.21 పరుగులు. బాలూ ప్రతిభకు ఈ అంకెలే సాక్ష్యం. అయితే ప్రతిభ ఒక్కటే ఆయనకు న్యాయం చేకూర్చలేదు. గెలుపు అవసరమైనప్పుడు జట్టులో చోటు దక్కింది. సంస్కర్తలు ప్రశ్నించినప్పుడు పంక్తిలో చోటు దక్కింది. సోదరులు ఆడేందుకు నిరాకరించినప్పుడు, దేశంలో ఉద్యమం తోడైనప్పుడు మాత్రమే నాయకత్వం ఆ ఇంటి గడప తొక్కింది. అదీ ఆయనకు కాక, తమ్ముడికి. మనుషులను ఒకే మైదానంలోకి తేగల శక్తి ఆటకు ఉంది. ఆ మైదానం వెలుపల వారిని సమానులుగా నిలిపే బాధ్యత సమాజానిదేనని బాలూ జీవితం చాటుతోంది.